విమానపు మజిలీలు – మన విద్యార్థులు

మన పల్లెలనుండి, పట్టణములనుండి చదువుకొరకు సముద్రములు దాటి పోవు యువకుల సంఖ్య కొన్ని దశాబ్దములుగా పెరుగుచు వచ్చినది. 2024-25 విద్యాసంవత్సరమున ఒక్క అమెరికా విద్యాలయములందే 3,63,019 మంది భారతీయ విద్యార్థులు నమోదైయుండిరి. అందు తెలుగు బిడ్డల పాలు తక్కువది కాదని అందరెరిగినదే. వీరు ఏమి చదువుచున్నారు, ఎంత అప్పు చేయుచున్నారు, చదువు ముగిసిన పిమ్మట కొలువు దొరకునా అను ప్రశ్నలపై చర్చలు విరివిగా సాగుచున్నవి. కాని ఇంటి గడపకును కళాశాల వాకిటికిని నడుమనున్న ఆ ఇరువది, ముప్పది గంటల ప్రయాణమును గూర్చి ఆలోచించువారు అరుదు. తొలిసారి విమాన మెక్కిన పందొమ్మిదేండ్ల బాలుడో, ఇరువదిరెండేండ్ల బాలికయో తెలియని నగరమున, తెలియని భాషల నడుమ, చేతిలో ఒక పత్రము పట్టుకొని నిలిచిన వేళ ఏ చట్టము వారికి అండగా నున్నది? ఆ సంగతి వారికి ఎవరు చెప్పిరి? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

నాటి మజిలీ

మజిలీ అనుమాట మనకు క్రొత్తది కాదు. అరబ్బీలో పుట్టి, పారశీకము మీదుగా మన భాషలో చేరి, తెలుగుదనము నొందిన పదమిది. మధిర సుబ్బన్న దీక్షితులుగారు తమ కథాసంపుటములకు ‘కాశీమజిలీ కథలు’ అని పేరిడిరి. కాశికి పోవు మణిసిద్ధుడు దారిలో ప్రతి మజిలీయందును తన సహచరుడైన గోపాలునకు ఒక కథ చెప్పుట ఆ గ్రంథమునకు చట్రము. అనగా నడక ఆగినచోట కథ మొదలగును. మజిలీ విశ్రాంతికి మాత్రమే గాక విద్యకును స్థానమైనది.

అంతకు ముందే, 1830 మే నెలలో, ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. ఆయన వ్రాసిన యాత్రాచరిత్రలో దేవాలయములెంతగా కలవో, దారి సంగతులును అంతగా కలవు. ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరము, ఎచ్చట సత్రమున్నది, ఎచ్చట నీరు మంచిది, ఎచ్చట వస్తువులు దొరకును అను వివరములను ఆయన శ్రద్ధగా నమోదు చేసిరి. తన వెనుక వచ్చు బాటసారికి ఉపయోగపడవలెనను తలంపు ఆ పుటలలో అడుగడుగునను కానవచ్చును. పైగా ఆయన ఒంటరిగా పోలేదు, పరివారముతో పోయిరి. నేటి మన విద్యార్థికి పరివారము లేదు. ముందు పోయినవారు వ్రాసిన దారిపత్రమును లేదు.

నేటి మజిలీ ఏల కలుగుచున్నది?

నేరుగా పోవు విమానములు ఉండగా నడుమ ఆగుట ఎందులకని కొందరు ప్రశ్నింతురు. దీనికి సమాధానము గణితమున కలదు. ఇరువది నగరములను ఒకదానితో నొకటి నేరుగా కలుపవలెనన్న 190 మార్గములు కావలెను. అన్నింటి నడుమ ఒక కూడలి నుంచినచో 20 మార్గములు చాలును. దుబాయి, దోహా, అబుదాబి, ఇస్తాంబూలు, ఫ్రాంక్‌ఫర్టు, సింగపూరు వంటి నగరములు ఇట్టి కూడళ్లుగనే వృద్ధి చెందినవి. కొన్ని గంటల వ్యవధిలో నలుదిక్కులనుండి విమానములు వచ్చి వ్రాలును. ప్రయాణికులు ఒకదానినుండి మరియొకదానికి మారుదురు. మరల అన్నియు ఎగిరిపోవును. ఈ ఏర్పాటు వలన ఆసనములు నిండును, టిక్కెట్టు ధర తగ్గును. శంషాబాదునుండి బయలుదేరిన మధ్యతరగతి విద్యార్థికి అమెరికా అందుబాటులోనికి వచ్చుటకు ఇదియు నొక కారణము. కాబట్టి మజిలీని నిందించి లాభము లేదు.

కాని ఈ ఏర్పాటునకు ఒక బలహీనత కలదు. కూడలి స్తంభించినచో దారులన్నియు స్తంభించును. 2025 జూన్ 23వ తేదీన ఇరాను క్షిపణులు కతారులోని అమెరికా స్థావరముపై పడిన రాత్రి ఆ దేశము తన గగనతలమును మూసివేసెను. దోహాకు పోవలసిన విమానములు దారి మళ్లినవి. ఆ యుద్ధముతో ఏ సంబంధమును లేని వేలాది ప్రయాణికులు ఎక్కడివారక్కడ నిలిచిపోయిరి. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండునందు అగ్నిపర్వతము బ్రద్దలై బూడిద వెదజల్లగా యూరపు ఆకాశము దాదాపు ఆరుదినములు మూతపడెను. రమారమి లక్ష విమానయానములు రద్దయ్యెను. 2024 జూలై 19న ఒక భద్రతా సాఫ్టువేరులోని దోషము వలన ప్రపంచమంతట కంప్యూటరులు నిలిచిపోగా, మన హైదరాబాదునందు సైతము ప్రయాణికులకు చేతితో వ్రాసిన పత్రములిచ్చి విమానమెక్కించిరి.

దైవికము, మానుషము

విమానయానమున కలుగు ఇక్కట్లను రెండుగా విభజింపవచ్చును. మంచు, తుపాను, అగ్నిపర్వతము, యుద్ధము మొదలగునవి సంస్థల చేతిలో లేనివి. సిబ్బంది కొరత, ఉన్న ఆసనములకంటె ఎక్కువ టిక్కెట్టు లమ్ముట, తీరిక లేని కాలపట్టిక మొదలగునవి సంస్థలు చేజేతుల కొనితెచ్చుకొనునవి. ఈ భేదము ముఖ్యమైనది. ఏలయన, చట్టము మొదటి దానిని క్షమించును, రెండవ దానిని క్షమింపదు. అందుచేతనే కొన్ని సంస్థలు రెండవ దానికి కూడ మొదటి దాని పేరు పెట్టుటకు ప్రయత్నించును.

2025 డిసెంబరులో మన దేశమున జరిగిన దానిని నిదర్శనముగా గైకొందము. విమాన చోదకుల అలసట ప్రమాదములకు హేతువగునని తలచి, పౌర విమానయాన అధికారులు 2024 జనవరిలో క్రొత్త విధి నియమములను ప్రకటించిరి. చోదకునకు వారమునకొకసారి ఎడతెగకుండ ఇయ్యవలసిన విశ్రాంతిని 36 గంటలనుండి 48 గంటలకు పెంచిరి. రాత్రివేళ విమానమును దింపుటపై గట్టి పరిమితి విధించిరి. సంస్థల అభ్యంతరముల వలన అమలు వాయిదాపడి, తుదకు ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము జోక్యముతో రెండు దశలుగా సాగినది. రెండవ దశ 2025 నవంబరు 1న వచ్చినది. అనగా సిద్ధపడుటకు దాదాపు రెండు సంవత్సరముల వ్యవధి యుండెను. అయినను దేశీయ ప్రయాణికులలో నూటికి అరువదిమందికి పైగా మోయుచుండిన ఇండిగో సంస్థ తగినంత సిబ్బందిని సమకూర్చుకొనలేదు. డిసెంబరు 5వ తేదీ ఒక్కనాడే వేయికి పైగా విమానములు రద్దయ్యెను. పెండ్లివారు, రోగులు, పరీక్షలకు పోవలసినవారు విమానాశ్రయముల నేలపై రాత్రులు గడపిరి. ఇతర సంస్థల టిక్కెట్టు ధరలు ఆకాశమునంటగా, ప్రభుత్వము దూరమునుబట్టి 7,500 రూపాయలనుండి 18,000 రూపాయల వరకు గరిష్ఠ ధరలను నిర్ణయింపవలసి వచ్చినది.

ఇందు గమనింపవలసినది మరొకటి కలదు. ఆ చిక్కును విడదీయుటకు అధికారులు చేసిన పనులలో ఒకటి, చోదకుల విశ్రాంతి నియమములలో కొన్నింటిని ఆ సంస్థకు తాత్కాలికముగా సడలించుట. ప్రయాణికుని క్షేమముకొరకు చేసిన నియమమును ప్రయాణికుని సౌకర్యము పేరిట సడలింపవలసిన దుస్థితి ఏర్పడెను. నూటికి అరువదిమందిని ఒకే బండి మోయుచున్నప్పుడు, ఆ బండి ఆగిన దినమున ప్రభుత్వముకూడ దాని ముందు నిస్సహాయమగును. పోటీ లేని విపణిలో చట్టమునకు చేవ తగ్గునని ఈ ఉదంతము మనకు నేర్పుచున్నది. అంతకుమున్ను 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేసును, 2023 మే నెలలో గో ఫస్టును ఎగురుట మానుకొన్నప్పుడు, ముందుగా సొమ్ము చెల్లించిన ప్రయాణికులు అప్పులవాళ్ల బారులో చిట్టచివర నిలువవలసి వచ్చినది. సంస్థల సంఖ్య తగ్గినకొలది మిగిలిన సంస్థల బలము పెరిగినది.

రెండు టిక్కెట్టుల కథ

నా పూర్వవిద్యార్థి యొకడు, కౌలురైతు కుమారుడు, కొన్నియేండ్ల క్రిందట పై చదువునకై విదేశమునకు పోయెను. కొన్నివేల రూపాయలు కలిసివచ్చునని ఇంటివారు రెండు వేరువేరు సంస్థలలో రెండు టిక్కెట్టులు కొనిరి. మొదటి విమానము నాలుగు గంటలు ఆలస్యముగా చేరెను. అప్పటికే రెండవది వెడలిపోయెను. ‘నిన్ను ఈ ఊరు చేర్చితిమి, మా బాధ్యత తీరినది’ అని మొదటి సంస్థవారనిరి. ‘వేళకు రానివాడవు, నీ టిక్కెట్టు చెల్లదు’ అని రెండవ సంస్థవారనిరి. పెట్టె తెచ్చుకొనుటకు ఆ దేశములో అడుగుపెట్టవలెను. అందులకు వీసా లేదు. ఇరువదిరెండు గంటలు ఒక కుర్చీపై కూర్చుండి, ఇంటికి ఫోనుచేసి, తండ్రి వడ్డీకి తెచ్చి పంపిన సొమ్ముతో క్రొత్త టిక్కెట్టు కొనెను. సెలవులలో వచ్చి ఈ సంగతి చెప్పుచు, “తప్పు నాదే కాబోలు మాస్టారూ, నాకు తెలియలేదు” అనెను.

ఆ మాట నన్ను చాలదినములు వెన్నాడినది. ఆ నాలుగు గంటల ఆలస్యము అతడు చేసినది కాదు. అయినను దాని భారమునంతయు అతడును, అతని తండ్రియు మోసిరి. పైగా తప్పుకూడ తమదేయని నమ్మిరి. తెలియనివానికి నష్టము రెండింతలగుట ఇట్లే.

చట్టమేమి చెప్పుచున్నది?

ఈ విషయమున మన ఉపాధ్యాయులును విద్యార్థులును తెలియదగిన అంశములను సంగ్రహముగా వివరింతును.

మొదటిది, టిక్కెట్టు సంగతి. మొత్తము ప్రయాణము ఒకే బుకింగు సంఖ్యక్రింద ఉన్నచో, ఒక విమానము ఆలస్యమై తరువాతిది తప్పినప్పుడు గమ్యము చేర్చు భారము సంస్థదే. పెట్టెలును సామాన్యముగా తుది ఊరివరకు నేరుగా పోవును. వేరువేరు టిక్కెట్టులైనచో రెండవ సంస్థకు మొదటి ఆలస్యముతో నిమిత్తము లేదు. మిగులునని తోచిన ధర ఈ ప్రమాదమునకు వెల మాత్రమే.

రెండవది, మన దేశపు నిబంధన. పౌర విమానయాన డైరెక్టరేటువారు 2010లో వెలువరించి, 2016లో పరిహారములను పెంచిన నియమావళి ప్రకారము, తగిన వ్యవధి నిచ్చి తెలుపకుండ విమానమును రద్దుచేసిన సంస్థ, మారువిమానమునో సొమ్ము వాపసునో ఇచ్చుటయేగాక, ప్రయాణకాలమునుబట్టి 5,000, 7,500, లేదా 10,000 రూపాయలకు మించకుండ పరిహారమియ్యవలెను. ఆసనము ఖరారైయున్న ప్రయాణికుని ఎక్కనీయనిచో ఈ పరిహారము 20,000 రూపాయలవరకు పోవచ్చును. నిర్ణీత వ్యవధికి మించి ఆలస్యమైనచో ఆహారము, ఇరువదినాలుగు గంటలు దాటినచో వసతి కల్పింపవలెను. అసాధారణ పరిస్థితులలో పరిహారము నుండి మినహాయింపు కలదు. ఇట్లు మినహాయింపు కోరు సంస్థను కారణము వ్రాతమూలకముగా అడుగుట ప్రయాణికుని మొదటి కర్తవ్యము.

మూడవది, అంతర్జాతీయ ఒప్పందము. 1929 నాటి వార్సా ఒడంబడిక స్థానమున 1999లో మాంట్రియలు ఒడంబడిక ఏర్పడినది. 2009లో భారతదేశము దానిలో చేరినది. ఆలస్యము వలన నిజముగా కలిగిన నష్టమునకు, తాము తగిన జాగ్రత్తలన్నియు తీసికొంటిమని నిరూపింపనంతవరకు, సంస్థయే బాధ్యత వహింపవలెనని దాని సూత్రము. 2024 డిసెంబరు చివరినుండి ఈ బాధ్యతకు పరిమితి ఒక్కొక్కరికి 6,303 ఎస్.డి.ఆర్.లు, అనగా మన సొమ్ములో ఏడు లక్షల రూపాయలకు పైమాట. పెట్టెలు పోయినను, చెడినను, ఆలస్యమైనను 1,519 ఎస్.డి.ఆర్.లవరకు, అనగా లక్షన్నరకు పైగా కోరవచ్చును. కాని గడువులు కలవు. పెట్టె చెడినచో అందుకొన్న ఏడు దినములలోను, ఆలస్యముగా చేరినచో అందిన ఇరువదియొక్క దినములలోను వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. దావాకు రెండు సంవత్సరముల గడువు కలదు. నా విద్యార్థి నాతో చెప్పునాటికి ఆ రెండేండ్లు గడచిపోయినవి. ఆలస్యమును ధ్రువపరచు కాగితమును అతని చేతిలో లేదు.

నాల్గవది, ఇతర దేశముల నిబంధనలు. యూరపు సమాఖ్య 2004లో చేసిన చట్టము ఆ నేలనుండి ఎగురు విమానములకెల్ల, అవి ఏ దేశపు సంస్థవైనను, వర్తించునట్లు రూపొందినది. దూరమునుబట్టి 250 నుండి 600 యూరోల పరిహారమును అది నిర్దేశించినది. అమెరికా రవాణా శాఖ 2024లో చేసిన నియమము ప్రకారము, విమానము రద్దైనను, అంతర్జాతీయ ప్రయాణము ఆరుగంటలకు మించి మారినను, ప్రత్యామ్నాయమును అంగీకరింపని ప్రయాణికునకు అడుగకయే సొమ్ము తిరిగి ఇయ్యవలెను.

ఈ హక్కులు నిలుచుటకు ఆధారము కాగితము. టిక్కెట్టు, విమానమెక్కు పత్రము, పెట్టెకు అంటించిన చీటీ ముక్క, ఆలస్యమునకు కారణము తెలుపు లేఖ, తిండికిని బసకును చెల్లించిన రసీదులు – వీనిని పారవేయరాదు. మన దేశమున ఎయిర్‌సేవ ద్వారా మొదట ఫిర్యాదు చేయవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, ప్రయాణికుడు తాను నివసించు జిల్లాలోని కమిషను నెదుటనే దావా వేయవచ్చును. సంస్థ కార్యాలయమున్న మహానగరమునకు పరుగెత్తనక్కరలేదు.

అద్దముల వెనుక నగరములు

ఇక మజిలీయందలి మేలును గూర్చి రెండు మాటలు. ఒక క్రొత్త నగరము దారిలో తటస్థించుట విద్యార్థికి భాగ్యమే. సింగపూరు విమానాశ్రయమువారు అయిదున్నర గంటలకు పైబడి ఆగు ప్రయాణికులకు ఉచితముగా నగరము చూపు ఏర్పాటు చేసియున్నారు. దోహాలో 2008లో తెరువబడిన ఇస్లామీయ కళాప్రదర్శనశాల ఒక పూట చూడదగినది. ఫ్రాంక్‌ఫర్టునందు గేటే మహాకవి జన్మించిన ఇల్లు కలదు. 1944లో బాంబులకు కూలినదానిని యుద్ధానంతరము యథాతథముగా నిలిపిరి. కాళిదాసుని శాకుంతలమును అనువాదమున చదివి ముగ్ధుడైన కవి ఆయన. విమానాశ్రయమునకు ఆ ఇల్లు దూరము కాదు. కాని వీసా లేని మన విద్యార్థి ఆ అద్దపు గోడ దాటలేడు; శాకుంతలము పుట్టిన నేలనుండి వచ్చినవాడు గేటే వీధిని చూడక, సుగంధ ద్రవ్యముల అంగళ్ల నడుమ తిరిగి మరియొక విమానమెక్కును. కొన్ని దేశములలో కూడలినుండి బయటికి రాకున్నను ప్రత్యేకానుమతి కావలెను. అమెరికా వీసా ఉన్నవారికి కొన్నిచోట్ల సడలింపు కలదు. ఈ నియమములు మారుచుండును గనుక టిక్కెట్టు కొనుటకు ముందే ఆ దేశపు రాయబార కార్యాలయపు ప్రకటనను చూచుకొనవలెను. దళారి మాటపై ఆధారపడరాదు.

చట్టము చేయగలది కొంత. మనుష్యులు చేయవలసినది కొంత. 2001 సెప్టెంబరు 11న అమెరికా ఆకాశము మూతపడగా, కెనడాలోని గాండరు అను చిన్న పట్టణమున 38 పెద్ద విమానములు దిగినవి. పదివేలమంది నివసించు ఆ ఊరు, ఆరువేలకు పైబడిన అపరిచితులకు పాఠశాలలలో, ప్రార్థనాలయములలో, తమ ఇండ్లలో బసయిచ్చి, కొన్ని దినములు అన్నము పెట్టినది. గోదావరి లంకలలో దారిన పోవువారికి వేళ చూడక వడ్డించిన డొక్కా సీతమ్మగారి కథ విని పెరిగిన మనకు ఆ పట్టణపు ఔదార్యము పరాయిదిగా తోచదు. విమానాశ్రయమున బిత్తరపోయి నిలిచిన పిల్లవాడు కనబడినప్పుడు, ఆగి, “ఎక్కడికి పోవలె నాయనా?” అని తెలుగున అడుగగల పెద్దలు ప్రతి విమానమునందును ఉందురు. అడుగుటకు ఖర్చు లేదు.

చేయవలసినది

ఈ దారిపత్రమును మన పిల్లలకు ఎవరు వ్రాసి ఇయ్యవలెను? విమాన సంస్థలు వ్రాయవు. టిక్కెట్టు లమ్మువారికి తీరిక లేదు. కాబట్టి ఇది ఉపాధ్యాయుల పాలబడిన పని. లేఖారచన పేరిట బడులలో నేటికిని సెలవు చీటీలను వ్రాయించుచున్నాము. వానితోబాటు, ఆలస్యమైన విమానమును గూర్చి సంస్థకు ఫిర్యాదు, పోయిన పెట్టెను గూర్చి విన్నపము వ్రాయించినచో భాషయు వచ్చును, లోకజ్ఞానమును వచ్చును. ఒక టిక్కెట్టును తరగతిలో చదివించి, అందలి సంక్షేపములను, షరతులను విప్పిచెప్పించుట చక్కని పాఠము కాగలదు. విదేశములనుండి తిరిగివచ్చిన పూర్వవిద్యార్థులచే తమ మజిలీల అనుభవములను వ్రాయించి, కళాశాల గ్రంథాలయమున భద్రపరచవచ్చును. వీరాస్వామయ్యగారు ఒంటిచేత్తో చేసిన పనిని ఒక కళాశాల యావత్తును కూడి చేయలేదా?

ప్రభుత్వములు చేయవలసినదియు కలదు. శంషాబాదునందు, విశాఖపట్టణమునందు, విజయవాడయందు ప్రయాణికుల హక్కులను తెలుగులో స్పష్టముగా వ్రాసి కంటికానునట్లు నిలుపుట కష్టమైన పని కాదు. చట్టము ఇంగ్లీషులో మాత్రమే వినిపించుచున్నంతకాలము, అప్పుచేసి కొడుకును పంపిన తండ్రికి అది చట్టమే కాదు.

ఆకాశమార్గమున ఆలస్యములు తప్పవు. మంచు కురియును, యంత్రములు చెడును, రాజ్యములు కలహించును. వాని నాపుట మనచేత కాదు. కాని ఇతరుల లోపమునకు మన బిడ్డ తలవంచుకొని, తప్పు తనదేయని తలచి, ఒక మూల కూర్చుండు స్థితిని మాన్పుట మనచేత నగును. విద్య అనునది అంతమాత్రపు ధైర్యమునైనను ఈయవలెను.